రీడింగు

ముప్ఫై మూడేళ్ళు
గుంటూరు గడపల ముందు నిలబడ్డాను.
"కరెంటండీ" అని కేకేసి
తలెత్తి, అంకెలు రాసుకుని, మెట్లు దిగిపోయాను.
వరండా అవతల ఏ ఇల్లూ నాకు తెలీదు.
కుక్కలు తెలుసు.
ఎవరు మజ్జిగిస్తారో, ఎవరు మొహం కూడా ఇవ్వరో తెలుసు.

రిటైరైన మూడో నెల
సంగడిగుంటలో ఓ పాత డాబా కొన్నాను.
తొంభై ఆరు గజాలు, ఆరుగురు వారసులు.
ఆరో సంతకం కోసం
నరసరావుపేట బస్సు నాలుగుసార్లెక్కాను.
బాగుచేసి అమ్ముతానన్నాను.
"ఇల్లు కట్టి చూడమన్నారు గానీ
కొని, అమ్మి చూడమని ఎవరన్నారయ్యా నీకు?"
కందిపప్పులో రాళ్ళేరుతూ రూతమ్మ అడిగింది.
గ్రాట్యుటీ పాసుబుక్కు మాత్రం
బీరువాలో చీరల కింద నుంచి తనే తీసిచ్చింది,
మొహం అటు తిప్పుకుని.

వెనక గదిలో పదేళ్ళు మిర్చి టిక్కీలు నిలవేశారట.
గోడ గీకుతూ మస్తాన్‌వలి తుమ్మాడు.
మేస్త్రీ తుమ్మితే కూలీలు తుమ్మారు,
ప్రహరీ అవతల ఉయ్యాల్లో చంటిది తుమ్మింది.
కడిగిన నీళ్ళు ఎర్రగా కాలవలోకి పోయాయి.
మూడు కోట్ల సున్నం, రెండు కోట్ల లప్పం.
అయినా మబ్బు పడితే చాలు
గోడ మళ్ళీ ఘాటెక్కేది.
"ఇది ఇల్లు కాదు సారూ, పచ్చడి జాడీ" అన్నాడు వలి.

అరవై ఒకటో ఏట
సిమెంటుకి ఇసకెంతో నేర్చుకున్నాను.
ప్లంబరు "రేపు" అంటే
అది ఏ రేపో కనుక్కోవడం ఇంకా రాలేదు.

పాత చెక్క బోర్డు ఊడదీసిన రోజు
దాని వెనక నుంచి మీటరు కార్డు రాలిపడింది.
సగం చెదలు చదివేసింది.
మిగతా సగం నా చేతిరాత.

ముప్ఫై ఎనిమిది యూనిట్లు. నలభై ఒకటి. ముప్ఫై తొమ్మిది.
మే నెలలో నూట పన్నెండు.
పెళ్ళో, పురుడో,
రాత్రంతా ఎవరో దీపాలార్పలేదు.
ఆ పై నెల పదకొండు.
ఆ పైన నా రాతే: "తలుపు తాళం."
మళ్ళీ తాళం.
మళ్ళీ.
ఏమైందని ఆ రోజు నేనెవర్నీ అడగలేదు.
పొద్దుగుంకే లోపు ఇంకా డెబ్భై ఇళ్ళున్నాయి నాకు.

పెయింటు డబ్బా మీద కూర్చుని
నరసరావుపేటకి ఫోన్ చేశాను.
ఆరో వారసుడు కాసేపు గుర్తుచేసుకున్నాడు.
"అదాండీ, నాన్న కూలర్ కొన్నాడు.
నెల్లాళ్ళు తిరిగింది.
అప్పులవాళ్ళొచ్చి ఎత్తుకుపోయారు.
ఇంకో నెలకి మేమే ఊరొదిలేశాం."
తర్వాత నవ్వాడు.
"భలే చల్లగా ఉండేదండీ."

ఆ కిటికీ కింద
పదిహేను ఆంపుల ప్లగ్గు పెట్టించాను.
ఎస్టిమేటులో లేదు. ఖర్చు నాలుగు వందల ఇరవై.
రూతమ్మకి చెప్పలేదు.

యార్డులో కాటా దగ్గర లెక్క రాసే అంకమ్మరావు
ఇల్లు చూడ్డానికొచ్చాడు, మబ్బు పట్టిన రోజే.
వెనక గదిలో ఆగి గట్టిగా గాలి పీల్చాడు.
"వాన వస్తే కాస్త ఘాటుంటదండీ" అన్నాను.
వలి నా కాలు తొక్కాడు.
"ఘాటా? ఎక్కడ?" అన్నాడాయన.
పాతికేళ్ళు మిర్చి మధ్య బతికిన ముక్కు.
ఆ సాయంత్రమే బయానా ఇచ్చాడు.

అన్నీ పోను అరవై ఒక్క వేల నాలుగొందలు మిగిలింది.
రూతమ్మ రెండుసార్లు కూడింది.
"నీ ఆరు నెలల కూలి ఇందులో వేశావా?"
వెయ్యలేదు.
"మరి దీన్ని లాభమంటారా మీ ఆఫీసులో?"

నిన్న లాలాపేటలో ఇంకోటి చూడబోయాం.
బ్రోకరు ఈశాన్యం గురించి చెబుతున్నాడు.
నేను అలవాటు కొద్దీ వరండాలోనే ఆగి
తలెత్తి మీటరు వైపు చూస్తున్నాను.
చెప్పులు విప్పి, కొంగు బిగించి,
తిన్నగా వంటింటి దాకా వెళ్ళిపోయిన రూతమ్మ
చీకట్లోంచి కేకేసింది:

"కరెంటేదండీ?"